సుంకులమ్మ గట్టిమేళం

కోసిగిలో సుంకులమ్మలకు కొదవలేదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. పిలిస్తే ఎవరు పలకాలో తెలియక జనమే గుర్తులు పెట్టుకున్నారు. ఒకామె గానుగ సుంకులమ్మ, ఒకామె మిట్టమీది సుంకులమ్మ. భజంత్రీల వీధిలో సన్నాయి తిమ్మన్న పెళ్ళాన్ని మాత్రం పళ్ళెం సుంకులమ్మ అనేవారు. ఆ పేరు చెవిన పడితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎక్కదూ మరి! సన్నాయి వాయించేవాడి పెళ్ళాన్ని పట్టుకుని పళ్ళెం అంటే ఎవరికి మండదు?

ఆ పేరు ఆమె పెళ్ళినాడే అంటుకుంది. అది కరువు ఏడు. జొన్నచేలు మోకాలెత్తున ఎండిపోయి, సగం ఊరు మూటలు కట్టుకుని పనులు వెతుక్కుంటూ పోయింది. ఆ ఏడు ఉన్న ఒక్క మంచి ముహూర్తానికే తిమ్మన్న పెళ్ళీ కుదిరింది, పక్క ఊరి పెద్దరెడ్డిగారింట్లో పెళ్ళీ కుదిరింది. చుట్టుపక్కల మేళమంటే తిమ్మన్న నాయన మేళం ఒక్కటే. రెడ్డిగారు బండి కట్టి పంపించారు. వద్దంటే ఆ ఏడు ఇంట్లో గింజలుండవు. ముసలాయన పెళ్ళికొడుకు తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు కట్టేయి నాయనా. నేను ఆడ వాయించేది నీకనే అనుకో" అన్నాడు. సన్నాయి చంకన పెట్టుకుని, డోలు బండిలో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక్కడ తాళి కట్టే వేళయింది. పెళ్ళి చేయించే జంగమయ్య అలవాటు కొద్దీ "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకేశాడు. మేళమెక్కడిది? అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్ళికొడుకు మేనత్త ఒకామె గబాగబా వంటింట్లోకి పోయి ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో టంగుటంగున వాయించింది. ఆ మోతకే మూడు ముళ్ళూ పడ్డాయి. పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తలవంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు ఆ నవ్వును జన్మలో మరిచిపోలేదు.

దీపం కిందనే చీకటి అని ఊరికే అన్నారా? తర్వాత తిమ్మన్న చేతికి నాయన సన్నాయి వచ్చింది. తమ్ముడు పుల్లయ్య డోలు ఎత్తుకున్నాడు. ఆ అన్నదమ్ముల మేళం లేకుండా ఆ చుట్టుపట్ల పెళ్ళంటూ జరగలేదు. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు వాళ్ళే, పీర్ల పండుగకు వాళ్ళే. కానీ మేళగాళ్ళకు అసలు పరీక్ష గట్టిమేళం. అప్పటిదాకా నెమ్మదిగా నడిచే సన్నాయి ఒక్కసారిగా గొంతెత్తాలి. డోలు చినుకుకూ చినుకుకూ సందులేని వానలా కురవాలి. పందిట్లో తుమ్మినా, ఏడ్చినా, ఎవరైనా ఒక చెడ్డ మాట అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. మొదటి ముడికి ఎత్తిన మేళం మూడో ముడి పడేదాకా దించకూడదు. తిమ్మన్న వాయిస్తుంటే పెళ్ళికొడుకు చేతులు వణికి ముడి ఆలస్యమైనా మేళం ఒక్క పిసరు తగ్గేది కాదని పెద్దలు చెప్పుకునేవారు.

సుంకులమ్మ ఆ పెళ్ళిళ్ళకు పోయి ఆడవాళ్ళ వెనుక నిలబడేది. గట్టిమేళం మోగగానే ఆమె చెయ్యి దానంతటది మెడలోని పుస్తెల మీదికి పోయేది. ఇంటికి వచ్చాక మాత్రం మొగుణ్ణి సాధించేది.

"ఊరందరి పెండ్లాలకూ వాయిస్తివి. నాకేం వాయిస్తివి?"

"ఇప్పుడు వాయించమంటావా ఏంది?"

"వాయించు. ఈడనే కూసుంటా."

"తాళి పడకుండా గట్టిమేళం మోగగూడదు మే. ఊరికే మోగిస్తే యాడో ఒక పుస్తె తెగుతుందంట. మా నాయన చెప్పినాడు."

"మీ నాయనే గదా నన్ను పళ్ళెం పాలు చేసింది!"

తిమ్మన్న సన్నాయి పీకను నోట్లో పెట్టుకుని తడుపుతూ కూర్చునేవాడు. ఆ పీక ఎంత గొప్పదంటే, పెళ్ళాం తిడుతున్నంతసేపూ దాన్ని తడపవచ్చు. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా అతను గట్టిమేళం జోలికి పోయేవాడు కాదు. అంత పట్టుదల మనిషి. ఇద్దరికీ తలలు నెరిశాయి, కూతుర్ల పెళ్ళిళ్ళయ్యాయి, ఆ కూతుర్ల పెళ్ళిళ్ళలో తండ్రే గట్టిమేళం వాయించాడు. సుంకులమ్మ కోరిక మాత్రం అట్లాగే ఉండిపోయింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఎండాకాలంలో కోసిగి స్టేషన్లో మద్రాసు రైలు దిగి వచ్చారు సినిమా తీసేవాళ్ళు. బొంబాయి వాళ్ళట. తలకు టోపీ పెట్టుకున్న ఒక దొర, ఆయన వెంట ఇద్దరు మనుషులు, మూడు కాళ్ళ కొయ్య మీద నిలబెట్టే కెమెరా. మాట అటూ ఇటూ చేర్చడానికి కర్నూలు సర్కారు కచేరీ నుంచి రామకృష్ణ అనే గుమాస్తాను పంపారు. రామకృష్ణది రాయచోటి. ఆయన రచ్చకట్ట మీద నిలబడి ఊరికి చెప్పాడు.

"కొత్త రాష్ట్రంలో జనాలు ఎట్ల బతుకుతాండారో, ఏం పాడుకుంటాండారో, ఏం వాయించుకుంటాండారో ఉండేది ఉండేటట్టు పట్టుకోని పోతారప్పా. కత లేదు, యాక్టర్లు లేరు. మీరు మామూలుగా ఉండండి. ఎవురి పని వాళ్ళు చేసుకోండి. ఈ పెట్టె దిక్కు మాత్రం చూడొద్దండి."

"చూడొద్దని చెప్తే చూడకుండా ఎట్లుంటారు సామీ?" అంది జనంలోంచి సుంకులమ్మ. అందరూ నవ్వారు గానీ ఆమె అడిగిన దానిలో తప్పేముంది?

మరునాడు తెల్లవారేసరికి కోసిగిలో మామూలుగా ఉన్న మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు. ఆడవాళ్ళు పండుగ చీరలు కట్టుకుని పేడ ఎత్తారు. మగవాళ్ళు కొత్త తలపాగాలు చుట్టి ఎద్దులకు మేత వేశారు. తిమ్మన్న అక్క గిడ్డమ్మ అయితే బిందె నెత్తిన పెట్టుకుని కెమెరా ముందు నుంచి బావికి పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఆ ఇంట్లో తొట్లు, కుండలు, గిన్నెలు అన్నీ నిండిపోయి ఇక నీళ్ళు పోయడానికి చోటు లేకుండా అయింది. టోపీ దొర తల పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులు పోయాక జనానికే విసుగు పుట్టింది. పండుగ చీరలు మాసిపోయాయి. కెమెరా ఉందన్న సంగతి మరిచి ఎవరి తిట్లు వాళ్ళు తిట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు పట్టింది ఆ పెట్టె కోసిగిని! తెల్లవారుజామున మసీదు పిలుపు అయ్యీ కాకముందే ఈరన్న గుడి దగ్గర తిమ్మన్న సన్నాయి లేచేది. ఆ వెంటనే ఇంటింటా జొన్నరొట్టెలు తట్టే చప్పుడు. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి దగ్గర గిలక కిర్రుమనేది, ఎద్దులను తోలేవాడు దానికి శ్రుతి కలిపి పదం పాడేవాడు. విసురురాళ్ళ దగ్గర ఇద్దరేసి ఆడవాళ్ళు కూర్చుని అత్తల మీద కోపమంతా పాటలో పెట్టి విసిరేవారు. సాయంత్రం చెక్కభజన. అదంతా అప్పుడు పాటని ఎవరనుకున్నారు? పొద్దుపోవడమనుకున్నారు. పిండిమిషను వచ్చి విసురురాళ్ళు మూలపడ్డాక, ఇంజను వచ్చి కపిలలు ఆగిపోయాక గదా, ఊరు మూగబోయిందని తెలిసింది.

టోపీ దొరకు అన్నిటికంటే తిమ్మన్న సన్నాయి మీద మనసు పడింది. రోజూ గుడి దగ్గరికి పోయి నేల మీద కూర్చుని వినేవాడు. చివరికి ఆయనకు పెళ్ళిమేళం తీయాలని బుద్ధి పుట్టింది. మూఢం రోజులు, ఊళ్ళో పెళ్ళెక్కడిది? ఏముంది, ఒక పిల్లనూ పిల్లవాణ్ణీ ముస్తాబు చేసి ఉత్తుత్తి పెళ్ళి చేద్దామన్నాడు.

"గట్టిమేళం వాయించు తిమ్మన్నా. అరనిమిషం చాలు" అని రామకృష్ణ బతిమాలాడు.

"ఉత్తుత్తి పెండ్లికి గట్టిమేళం మోగదు సామీ."

"దుడ్లు ఎక్కువిస్తారంటప్పా!"

"దుడ్ల మాట గాదు సామీ. తాళి పడల్ల. నిజం తాళి పడల్ల. అప్పుడే అది మోగేది. కావల్లంటే తిరునాళ్ళ మేళం వాయిస్తా, పీర్ల మేళం వాయిస్తా, తెల్లారేదాకా వాయిస్తా. ఇది మాత్రం నన్నడగొద్దు."

రామకృష్ణ ఎంత చెప్పినా తిమ్మన్న కొయ్యగుర్రం లాగా నిలబడ్డాడు. టోపీ దొర మొహం చిన్నబుచ్చుకుని, మరునాటి రైలుకు పోదామని సామాన్లు సర్దమన్నాడు. ఊరివాళ్ళు తిమ్మన్నను ఆడిపోసుకున్నారు. వచ్చిన పేరును కాలదన్నుకున్నాడన్నారు.

ఆ సాయంత్రం సుంకులమ్మ మొగుడికి సంగటి పెట్టి ఎదురుగా కూర్చుంది. ఊరంతా అతన్ని తిడుతుంటే ఆమె ఇంత నెమ్మదిగా కూర్చోవడం చూసి తిమ్మన్నకు అనుమానమొచ్చింది.

"నా తాళితాడు నలిగిపోయి ఉండాది" అంది.

"మార్చుకో. ఎవురు వద్దన్యారు?"

"రేపు మార్చుకుంటా. మూఢమైనా తాడు మార్చుకునేదానికి అడ్డం లేదు గదా?"

"లేదు."

"కొత్త తాడు పడల్ల. మూడు ముళ్ళూ పడల్ల. అవి ఉత్తుత్తి ముళ్ళా?"

తిమ్మన్న ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆమె మొహం చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో పెళ్ళాం తనను ఇంత చక్కగా బోనులో పట్టడం అదే మొదలు.

"తాడు మార్చుకునేదానికి గట్టిమేళం యాడైనా ఉండాదా మే?"

"యాడా లేదు. పెండ్లిలో పళ్ళెం వాయించేది యాడైనా ఉండాదా?"

"మా నాయన ఆడ వాయించింది నీకనే గదా."

"నాకు ఇనపడలేదు" అంది సుంకులమ్మ. ఎప్పుడూ సాధింపుగా అడిగిన మనిషి ఆ పూట చిన్నపిల్ల లాగా అడిగింది. తిమ్మన్న చెయ్యి కడుక్కుని లేచాడు. గూట్లోంచి సన్నాయి తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

మరునాటి ఉదయం భజంత్రీల వీధిలో ఇసుక వేస్తే రాలనంత జనం. టోపీ దొరకు రామకృష్ణ ఏం చెప్పాడో, ఆయనకేం అర్థమైందో గానీ గబగబా కెమెరా నిలబెట్టించాడు. ఇంటి ముందు పీట వేసి సుంకులమ్మను కూర్చోబెట్టారు. నెరిసిన తలకు నూనె రాసి, మొహానికి పసుపు పూసి, రూపాయంత బొట్టు పెట్టారు. గిడ్డమ్మ పసుపుతాడు చేత పట్టుకుని వెనుక నిలబడింది. అసలు కట్టవలసింది మొగుడే. కానీ అతను కడితే సన్నాయి ఎవరు వాయిస్తారు? ఆ సందేహం గిడ్డమ్మే తీర్చింది.

"ఆడబిడ్డను నేనుండాను గదా. నా తమ్మునికి ఊపిరి పని ఉండాది, చేతిపని నేను చేస్తా" అంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఇంకా ఏమేమో అంది. అన్నీ చెప్పుకునేవి కావు.

పుల్లయ్య డోలు తగిలించుకుని కుడిచేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని, ఎడమచేత పుల్ల పట్టాడు. తిమ్మన్న పీక నోట పెట్టుకుని ఒక్కసారి పెళ్ళాం వైపు చూశాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో వాయించినా పెళ్ళికూతుర్ని తేరిపార చూడని మనిషి. గిడ్డమ్మ తాడు మెడ చుట్టూ తిప్పింది, మేళం లేచింది.

అబ్బ, ఏం మేళమది! గోడల మీది పిట్టలు లేచిపోయాయి. వీధి చివర కట్టేసిన ఎద్దులు చెవులు రిక్కించాయి. తిమ్మన్న బుగ్గలు పొంగి, మెడనరాలు తేలి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా సన్నాయి దించలేదు. పుల్లయ్య చేతులు కనబడలేదు, మోత ఒక్కటే. సుంకులమ్మ తలవంచుకుని కూర్చుంది. జనం ఏమంటున్నారో, గిడ్డమ్మ ఏం సణుగుతోందో ఒక్క ముక్క ఆమె చెవిన పడలేదు. పెళ్ళికూతురి చెవికి ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది.

ఒకటి, రెండు, మూడు. గిడ్డమ్మది చురుకైన చెయ్యి, కళ్ళు మూసి తెరిచేలోగా ముళ్ళు పడ్డాయి. మేళం ఆగింది.

"అప్పుడే అయిపాయనా?" అంది సుంకులమ్మ.

వీధి వీధంతా గొల్లున నవ్వింది. తిమ్మన్న కూడా నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు. ఆ రాత్రి ఆమె ఆడబిడ్డను బాగా తిట్టుకుంది. "అంత తొందరేమొచ్చింది ఆమెకు? పారిపోతాండానా నేను?" అంటే, తిమ్మన్న ఓదార్చాడు. "పోనీలే. బొమ్మ వస్తుందన్యాడు గదా రామకృష్ణ సామి. మన ఊరి టెంటు సినిమాలోనే ఏస్తారంట. మళ్ళ ఇనొచ్చులే, ఎన్నిసార్లు కావల్లంటే అన్నిసార్లు."

ఆనాటి నుంచి పళ్ళెం సుంకులమ్మ పేరు పోయింది. సినిమా సుంకులమ్మ అన్నారు. దానికి ఆమె పలికేది.

మరుసటి ఏడు వానాకాలంలో విషజ్వరమొచ్చి తిమ్మన్న పోయాడు. మూడు రోజులు మంచం పట్టాడు, అంతే. అంతమందికి మేళం మోగించిన మనిషికి చివరిదారిలో పుల్లయ్య డోలు ఒక్కటే నడిచింది. ఆ తర్వాత పుల్లయ్య డోలును దూలానికి వేలాడదీసి, మళ్ళీ ముట్టలేదు. సన్నాయి లేని డోలు దేనికని అడిగేవాడు. ఊరికి పెళ్ళి మేళాలు ఆదోని నుంచి రావడం మొదలయ్యాయి.

ఊరి నోరు మూయించే మూకుడు ఎక్కడుంది? బావి దగ్గర గుసగుసలు బయలుదేరాయి. ముహూర్తం లేకుండా, పెళ్ళి లేకుండా, సినిమా వాళ్ళ కోసం గట్టిమేళం వాయించాడు. ఊరికే మోగిస్తే పుస్తె తెగుతుందన్నాడు, తన పెళ్ళాం పుస్తే తెగింది అన్నారు. సుంకులమ్మ బిందె గట్టున పెట్టి అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"ఊరికే మోగిందా? నా మెడలో ముడి పడినప్పుడు మోగింది. బొమ్మ వస్తుంది. చెవులుండేవాళ్ళు ఇనండి."

మాట గట్టిగానే అంది. ఇంటికి వచ్చి మాత్రం చాలాసేపు ఏడ్చింది. ఆ మేళం ఎట్లా ఉందో గుర్తు చేసుకుందామంటే ఆమెకు గుర్తు రావడం లేదు. తెల్లవారుజామున గుడి దగ్గర వాయించేది గుర్తుంది, తిరునాళ్ళలో వాయించేది గుర్తుంది. తన కోసం వాయించిన ఆ ఒక్కటీ చెవికి అందడం లేదు. ఆ ఒక్కటీ ఇంకొక్కసారి వినాలి. అది తప్ప ఆమెకు ఏ కోరికా మిగల్లేదు.

కమలాపురం ఓబులేసు టెంటు సినిమా ఏటా పంటలయ్యాక కోసిగికి వచ్చేది. టెంటు దిగీదిగకముందే సుంకులమ్మ పోయి అడిగేది.

"ఏమప్పా ఓబులేసూ, మా బొమ్మ తెచ్చినావా?"

"మీ బొమ్మ యాడుందో ఏమో అవ్వా! సర్కారోళ్ళు పంపితే ఏస్తా. దాని కోసరం నేనేమన్నా బొంబాయికి పోవల్నా?"

"పోరాదూ? రైలుంది గదా" అనేది సుంకులమ్మ. ఓబులేసు నవ్వేవాడు. మంచివాడే పాపం, ప్రతి పెట్టె విప్పి వెతికేవాడు.

చివరికి వచ్చింది ఆ బొమ్మ. అప్పటికి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది కూడా. కొత్త రాష్ట్రం గురించి తీసిన సినిమా ఆ రాష్ట్రమే పాతబడ్డాక ఊరు చేరింది. సర్కారు పని గదా! ఓబులేసు స్వయంగా భజంత్రీల వీధికి వచ్చి, "అవ్వా, వచ్చింది. మొదటి ఆటకు ముందర ఏస్తా, రా" అని చెప్పి పోయాడు.

ఆ సాయంత్రం టెంటు కిటకిటలాడింది. ఆడవాళ్ళ వైపు ఇసుకలో ముందు వరుసలో సుంకులమ్మ, పక్కనే గిడ్డమ్మ. మధ్యలో అడ్డంగా కట్టిన గుడ్డకు అవతల మగవాళ్ళు. పుల్లయ్య రానన్నాడు, గిడ్డమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టింది.

దీపాలార్పారు. తెర మీద కోసిగి లేచి నిలబడింది. ఎవరో కనబడని మనిషి గ్రాంథికంలో మొదలుపెట్టాడు. "ఇచటి గ్రామీణులు శ్రమైక జీవనులు, నిష్కల్మష హృదయులు" అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ నిష్కల్మష హృదయులు అప్పటికే టెంటులో చోటు కోసం కొట్టుకుంటున్నారు. "అదిగో మా ఎద్దు!" "మా నాయన! మా నాయనప్పా!" అని కేకలు. పోయినవాళ్ళు తెర మీద నడుస్తుంటే నవ్వుతూనే ఏడ్చారు చాలామంది. తెర మీద గిడ్డమ్మ బిందెతో రెండుసార్లు పోయి వచ్చింది.

అప్పుడు తిమ్మన్న వచ్చాడు. తెరంతా తిమ్మన్నే. పొంగిన బుగ్గలు, మూసిన కళ్ళు, రంధ్రాల మీద ఎగిరే వేళ్ళు. సుంకులమ్మ ముందుకు వంగింది.

వీణ మోగింది. వీణ, దాని వెనుక ఫిడేళ్ళు. ఏ బొంబాయి గదిలోనో కూర్చుని తీరిగ్గా వాయించిన పాట. తిమ్మన్న ఊదుతున్నాడు, ఫిడేళ్ళు పలుకుతున్నాయి. బొమ్మను పట్టే పెట్టె వేరు, చప్పుడును పట్టే పెట్టె వేరనీ, ఆ రెండోది అసలు కోసిగికి రానేలేదనీ అక్కడ ఎవరికి తెలుసు?

"ఇదేందిది?" అంది గిడ్డమ్మ. "మావాని సన్నాయి యాడ?"

ఇన్నాళ్ళూ సుంకులమ్మ ఏ చప్పుడు కోసం చెవులు చాపుకుని బతికిందో అది ఎక్కడా లేదు, బొంబాయిలోనూ లేదు. భర్త పోయిన రోజున కూడా ఆమెకు ఇంత గట్టిగా అనిపించలేదు, అతను పోయాడని. తెర మీద బొట్టు పెట్టుకున్న ఒక సుంకులమ్మ పీట మీద తలవంచుకుని కూర్చుంది. గిడ్డమ్మ చేతులు పసుపుతాడును ఆమె మెడ చుట్టూ తిప్పాయి. వీణ తీరిగ్గా సాగుతూనే ఉంది.

మొదటి ముడి పడుతోంది.

పుల్లయ్య బతుకంతా ఆ ఘడియ కోసం కనిపెట్టుకుని ఉన్న మనిషి. తాళి పడుతుంటే, మేళం లేదు. కళ్ళ ముందు, తన వదినె మెడలో, ముడి పడుతుంటే మేళం లేదు! అతని చేతులు ఎట్లా ఊరుకుంటాయి? కూర్చున్న బెంచీ మీద ఒక్క దెబ్బ పడింది. ఆ వెంటనే గట్టిమేళం లేచింది. తొడుగుల్లేవు, పుల్ల లేదు. ఉత్త అరచేతులూ వేళ్ళూ. కొయ్య బెంచీ డోలైపోయి దడదడలాడింది. ఫిడేళ్ళు ఆ మోతలో కొట్టుకుపోయాయి.

రెండో ముడి పడింది. అంతలో తెర మీద బొమ్మ మారిపోయింది. సుంకులమ్మ లేదు, తిమ్మన్న లేడు. కల్లంలో వేరుశెనక్కాయలు ఆరబోస్తున్నారు. "ఇచటి ప్రధాన పంట" అని ఎవరో చెబుతున్నారు.

పుల్లయ్య ఆపలేదు.

"అయిపాయ గదప్పా, ఆపు!" అని మగవాళ్ళ వైపు నుంచి ఒకడు అరిచాడు.

"మూడో ముడి యాడ పడినాది?" అన్నాడు పుల్లయ్య, చేతులు ఆడిస్తూనే. "నేను సూడలేదు. పడకుండా ఎట్ల దించేది?"

ఒకరిద్దరు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. ఓబులేసు పరుగెత్తుకొచ్చి, పుల్లయ్య మొహం చూసి నిలబడిపోయాడు. చేతుల తోలు లేచి బెంచీ మీద నెత్తురు మరకలు పడుతున్నాయి. గిడ్డమ్మకు తమ్ముడి మీద జాలేసింది. మరదలి భుజం పట్టుకుని కుదిపింది.

"మూడోది నేనే ఏసినా గదమ్మే! పడిందని వానికి చెప్పు. నువ్వు చెప్పకుంటే వాడు ఆపడు."

సుంకులమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమె చెవిలో డోలు మీదికి సన్నాయి ఎక్కింది. అదే, ఆ రోజుదే. ఇంతకాలం ఎంత పిలిచినా రానిది.

"చెప్తా వదినే" అంది. "ఉండు, చెప్తాలే."

చెప్పలేదు.